చిన్న పనే కదా, ఓర్చుకో అనకండి

కుట్లు వేయించుకోవడానికో, సెగ్గడ్డ కోయించుకోవడానికో, ఎండోస్కోపీకో వచ్చేవాళ్ల దగ్గర నేను రోజూ వినే మాటలు రెండు. "సిస్టర్, నన్ను పూర్తిగా నిద్రపుచ్చేయండి, నాకేమీ తెలియకూడదు" అనేది ఒకటి. "మత్తూ గిత్తూ ఏమొద్దమ్మా, ఇంత దానికి ఎందుకు, ఓర్చుకుంటాలే" అనేది ఇంకొకటి. మత్తు వస్తే నొప్పి దానంతట అదే పోతుందని మొదటివాళ్ల నమ్మకం. నొప్పి తగ్గించమని అడిగితే మత్తిచ్చి పడుకోబెడతారని రెండోవాళ్ల భయం. నొప్పి తగ్గించడం వేరు, మత్తు ఇవ్వడం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకుని అనవసరంగా బాధపడినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఒంగోలులో స్టాఫ్ నర్సును. మాది కొండపి వైపు పొగాకు రైతుల కుటుంబం. నర్సింగ్ చదువు, మొదటి ఉద్యోగం నెల్లూరులో. పొగతోట వీధుల్లో ఏ మలుపు తిరిగినా ఆసుపత్రే కనిపించే చోట చేయి తిరిగింది. ఇప్పుడు పని మైనర్ ఓటీలో, అంటే చిన్న ఆపరేషన్ల గదిలో. కోసేదీ, కుట్టేదీ, గొట్టం వేసేదీ డాక్టర్లు. పేషెంటు తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకునేది మేము. అందుకే నొప్పి సంగతి పేషెంటు నోరు తెరవకముందే మాకు తెలిసిపోతుంది.

ముందు తిమ్మిరి ఇంజెక్షన్ సంగతి చెబుతాను. జైలోకైన్ అని అందరూ పిలిచేది లిడోకైన్ అనే మందు. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ అనే రసాయన శాస్త్రవేత్త 1943లో తయారుచేస్తే, 1948లో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు, 1884లో, కార్ల్ కోలర్ అనే డాక్టరు కంటి ఆపరేషన్లకు కొకైన్ చుక్కలు వాడి చూపించాడు. ఒళ్లంతా నిద్రపుచ్చకుండా ఒక్క చోటనే మొద్దుబార్చడం అప్పటినుంచే మొదలైంది. కొకైన్‌తో వచ్చే ప్రమాదాలు లిడోకైన్‌తో చాలావరకు తప్పాయి. ఇప్పుడది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, మన దేశపు జాబితాలోనూ ఉంది. ఖరీదైన మందు కాదు. కాబట్టి కుట్లు వేసేటప్పుడు అది వాడకపోవడానికి ఖర్చు ఒక కారణం కాదు. తొందరే అసలు కారణం.

చీమకుర్తి గ్రానైట్ పనివాళ్లు మా దగ్గరకు తరచుగా వస్తారు. రాయి అంచు తగిలి వేళ్లు చీరుకుపోవడం వాళ్లకు మామూలే. ఆమధ్య ఒక కుర్రాడిని మేస్త్రి తీసుకొచ్చాడు. బొటనవేలి కింద లోతుగా తెగింది. "నాలుగు కుట్లే కదా సార్, కానిచ్చేయండి, మావాడు గట్టోడు" అన్నాడు మేస్త్రి. కుర్రాడు గట్టోడే, నిజమే. కానీ బల్ల అంచు పట్టుకున్న రెండో చేతి వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా డాక్టరు గారు మేస్త్రిని బయట కూర్చోమని, కుర్రాడిని పడుకోబెట్టి, సన్నటి సూదితో, గాయం అంచుల లోపలి నుంచి మెల్లగా మందు ఎక్కించారు. చర్మం మీద కొత్తగా పొడిచే బదులు తెగిన అంచులోంచే సూది పోనిస్తే పొడిచిన బాధ తక్కువ. తర్వాత గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఆగారు.

ఆ ఐదు నిమిషాల కోసమే నేను చాలాసార్లు కొట్లాడాను. జైలోకైన్ పడగానే పనిచేయదు. చర్మం కింద వేస్తే రెండు నుంచి ఐదు నిమిషాలు, వేలు మొదట్లో నరాల దగ్గర వేస్తే ఇంకా ఎక్కువ సేపు ఆగాలి. బయట క్యూ పెరుగుతోందని సూది తీసిన మరుక్షణమే కుట్టడం మొదలుపెడితే, మందు ఇచ్చి కూడా ఇవ్వనట్టే. పేషెంటుకు ఇంజెక్షన్ నొప్పి, కుట్ల నొప్పి రెండూ మిగులుతాయి. "నాకు తిమ్మిరి మందు పనిచేయదు సిస్టర్, పోయినసారి కూడా ఇట్టనే" అనేవాళ్లను కదిలిస్తే, ఎక్కువమందికి ఆ పోయినసారి ఎవరూ ఆగి ఉండరు.

ఇంకో సంగతి కూడా ముందే తెలిస్తే మంచిది. మందు పట్టాక నొప్పి పోతుంది గానీ, లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. అది తెలియక చాలామంది "అయ్యో, నాకు తెలుస్తోంది, మందు పట్టలేదు" అని బిగుసుకుపోతారు. మేము మొదలుపెట్టే ముందు ఫోర్సెప్స్‌తో, అంటే చిన్న పట్టకారుతో, చిన్నగా గిల్లి అడుగుతాం: పొడిచినట్టుందా, తాకినట్టుందా అని. పొడిచినట్టుంటే నిజం చెప్పండి. ఇంకొంచెం మందు వేయొచ్చు. దానికీ ఒక లెక్క ఉంటుంది: మామూలు లిడోకైన్ అయితే మనిషి బరువులో కిలోకు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండు శాతం మందులో ఒక మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే యాభై కిలోల మనిషికి 11 మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి. మందు వేశాక నోటి చుట్టూ తిమ్మిరెక్కినా, నాలుక మీద ఇనుము రుచి తగిలినా, చెవుల్లో హోరు వినిపించినా వెంటనే చెప్పాలి. మందు రక్తంలోకి ఎక్కువగా వెళ్తోందని చెప్పే గుర్తులవి.

లోపలికి పోతున్నప్పుడు మంట పుడుతుందే, అది సూది మంట కాదు, మందు మంట. సీసాలోని లిడోకైన్ ఆమ్ల గుణంతో ఉంటుంది. తొమ్మిది పాళ్ల మందుకు ఒక పాలు సోడియం బైకార్బొనేట్ కలిపితే ఆ మంట బాగా తగ్గుతుంది. సీసాను కాసేపు చేతిలో పట్టుకుని ఒంటి వేడికి తెచ్చినా, మెల్లగా ఎక్కించినా తగ్గుతుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, డబ్బుతో పని లేనివే. చేసేవాళ్లకు ఓపిక ఉండాలి, అంతే.

సెగ్గడ్డల దగ్గర మాత్రం జైలోకైన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే సరిపోదు. చీము పట్టిన చోట కండ ఆమ్లంగా మారి ఉంటుంది, అక్కడ తిమ్మిరి మందు సరిగా పట్టదు. పిరుదు మీద పెద్ద సెగ్గడ్డతో వచ్చినవాళ్లను నలుగురు పట్టుకుని, కోసి పిండేయడం నేను నెల్లూరులో ఉన్నప్పుడు ఒకచోట చూశాను. ఆ కేకలు వెయిటింగ్ హాల్లో పిల్లలు కూడా విన్నారు. దాన్ని అలా చేయనక్కర్లేదు. గడ్డ చుట్టూ మంచి చర్మంలో మందు వేయొచ్చు, ముందుగా నొప్పి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, పెద్దదైతే మత్తు డాక్టరును పిలిచి కొద్దిసేపు కెటమిన్ అనే మత్తు మందు ఇవ్వొచ్చు. "సార్, ఇది తిమ్మిరి మందుతో సరిపోతుందా, వేరే ఏమైనా ఇస్తారా" అని బల్ల ఎక్కకముందే అడిగే హక్కు మీకుంది. అడిగితే కోప్పడే డాక్టర్లు ఒకరిద్దరు ఉంటారేమో. చాలామంది కోప్పడరు.

కొత్తపట్నం నుంచి వచ్చే మత్స్యకారులకు ఒక మాట. జెల్ల ముల్లో, టేకు చేప ముల్లో గుచ్చుకుంటే ఆ నొప్పికి మగవాళ్లు కూడా ఏడుస్తారు. గుచ్చుకున్న కాలో చెయ్యో భరించగలిగినంత వేడినీళ్లలో, అంటే దాదాపు 45 డిగ్రీల వేడిలో, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే ఆ నొప్పి బాగా దిగుతుంది. నీళ్ల వేడిని గుచ్చుకోని చేత్తో చూడాలి, ఎందుకంటే గాయమైన చేతికి వేడి సరిగా తెలియక కాలిపోతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి రావాల్సిందే. విరిగిన ముల్లు లోపల ఉండిపోవచ్చు, టీటీ ఇంజెక్షన్ కూడా వేయించుకోవాలి. పసర్లూ, పేస్టులూ రాసి కట్టు కట్టుకుని రాకండయ్యా, వాటిని కడగడమే మళ్లీ ఒక నొప్పి.

ఇక మత్తు. పెద్ద ఆపరేషన్లకు ఇచ్చే పూర్తి మత్తు కాదు నేను చెప్పేది. ఎండోస్కోపీ (నోటి నుంచి గొట్టం వేసి కడుపు చూడడం), కొలనోస్కోపీ (కింది నుంచి గొట్టం వేసి పెద్దపేగు చూడడం), జారిన భుజం ఎక్కించడం, చిన్నపిల్లలకు కుట్లు, ఇలాంటివాటికి ఇచ్చే పైపై మత్తు. పిలిస్తే పలుకుతారు, ఊపిరి సొంతంగా తీసుకుంటారు, కానీ జోగుతూ ఉంటారు. ఎక్కువగా వాడేది మిడజోలం. దాంతో భయం తగ్గుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, జరిగింది గుర్తుండదు. నొప్పిని మాత్రం అది తగ్గించదు. ఈ ఒక్క మాట అందరికీ తెలియాలని నా కోరిక. నొప్పి కోసం విడిగా ఫెంటనిల్ లాంటి మందో, తిమ్మిరి మందో ఇవ్వాల్సిందే.

ఒక అవ్వ గుర్తొస్తోంది. మోకాలి దగ్గర పుండు శుభ్రం చేయాల్సి వచ్చింది. అప్పుడు నేను పనిచేస్తున్న చోట మిడజోలం ఒక్కటే ఇచ్చి మొదలుపెట్టారు. అవ్వ మత్తులోనే మూలుగుతూ ఉంది, నా మణికట్టు మీద ఆమె గోళ్లు దిగాయి. డాక్టరు గారితో చెబితే, "ఆమెకు గుర్తుండదులే సిస్టర్" అన్నారు. నిజంగానే గుర్తులేదు. కట్టు కట్టాక కళ్లు తెరిచి, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మాయ్?" అని అడిగింది. కొడుకు సంతోషపడ్డాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. గుర్తులేనంత మాత్రాన ఆ పావుగంట నొప్పి లేనట్టు ఎలా అవుతుంది? ఆ శరీరం పడింది కదా. అప్పటి నుంచి ఏ కేసులో మత్తు అన్నా, "సార్, నొప్పికేం ఇస్తున్నాం" అని అడిగి చార్టులో రాసుకున్నాకే ముందుకు కదులుతాను.

మత్తు ఇస్తామంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నా ఊపిరి ఎవరు చూస్తూ ఉంటారు? పని చేసే డాక్టరు కళ్లు పని మీద ఉంటాయి. అందుకే రోగిని మాత్రమే గమనించే మనిషి ఇంకొకరు ఉండాలి, వాళ్లకు ఆ సమయంలో వేరే పని చెప్పకూడదు. ఈ విషయంలో మన దక్కన్‌కు ఒక చరిత్ర ఉంది. 1888, 1889లలో నిజాం సాయంతో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు, అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ ఎంత క్షేమమో పరీక్షించే కమిషన్లు నడిపాడు. క్లోరోఫామ్ గుండెను నేరుగా దెబ్బతీయదన్న ఆయన వాదన తర్వాత నిలవలేదు గానీ, మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద నుంచి కన్ను తీయకూడదన్న ఆయన పట్టుదల మాత్రం ఈ రోజుకీ సరైనదే. ఆ రోజుల్లో హైదరాబాదులో క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా చెబుతారు. మా జూనియర్ అమ్మాయిలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. తల దగ్గర నిలబడడం చిన్న పని కాదని వాళ్లకు తెలియాలి.

ఇప్పుడు ఆ కన్నుకు తోడుగా పల్స్ ఆక్సీమీటర్ ఉంది. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1974 ప్రాంతంలో దాని మూలసూత్రం కనిపెట్టారు. కరోనా పుణ్యమా అని ప్రతి ఇంటికీ తెలిసిపోయింది. మత్తిచ్చే గదిలో అది వేలికి ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, మాస్కుతో ఊపిరి అందించే బ్యాగు ఉండాలి, ఎక్కువైతే విరుగుడు కూడా అందుబాటులో ఉండాలి. మిడజోలంకు ఫ్లుమజెనిల్, ఫెంటనిల్‌కు నాలోక్సోన్. ఇవి లేని చోట మత్తు వద్దనడమే క్షేమం. పన్ను పీకడానికో, కాస్మెటిక్ పనికో ఒక గది క్లినిక్‌లో "నిద్రపుచ్చి చేసేస్తాం" అంటే, ఈ నాలుగూ చూపించమని అడగండి.

పరగడుపున రావాలని ఎందుకు చెబుతామో కూడా చాలామంది పట్టించుకోరు. మత్తులో వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అన్నం, టిఫిన్ లాంటివి తిని ఆరు గంటలు కావాలి, తల్లిపాలకు నాలుగు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు. మన ఇళ్లలో చిక్కంతా టీ దగ్గర, రాగిజావ దగ్గర, మజ్జిగ దగ్గర వస్తుంది. "ఏం తినలేదమ్మా, టీ నీళ్లు తాగాడంతే" అంటారు. పాలు కలిసిన టీ నీళ్లు కాదు, ఆహారం కిందే లెక్క. జావ, మజ్జిగ కూడా అంతే. పిల్లాడు ఏడుస్తున్నాడని నాయనమ్మ వెనకాల నుంచి బిస్కెట్ పెడితే, దయచేసి మాకు చెప్పండి. తిట్టం. టైమ్ మారుస్తాం.

తాగుడు అలవాటు గురించి కూడా అంతే. భార్య పక్కన ఉంటే మగవాళ్లు "అబ్బే, ఎప్పుడో ఫంక్షన్లలో" అంటారు. రోజూ తాగే మనిషికి మామూలు డోసు పట్టకపోవచ్చు, ఒక్కోసారి తిక్కతిక్కగా చేసి బల్ల మీద నుంచి దిగబోతారు. అందుకే నేను ఆ ప్రశ్న ఒక్కరే ఉన్నప్పుడు, గొంతు తగ్గించి అడుగుతాను. గట్టిగా గురక పెట్టేవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు కూడా ఆ సంగతి చెప్పాలి. గురక చెప్పుకోవడానికి సిగ్గుపడతారు గానీ, మత్తు డాక్టరుకు అది చాలా ముఖ్యమైన కబురు.

పొదిలి నుంచి ఒకాయన కొలనోస్కోపీకి ఒక్కడే బైకు మీద వచ్చాడు. "మత్తు ఇచ్చాక మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు అన్నా?" అంటే, "నేనే పోతాను, గంటన్నర దారే కదా" అన్నాడు. మెలకువ వచ్చినా బుర్ర పూర్తిగా తేరుకోవడానికి టైమ్ పడుతుంది. 24 గంటలు బండి నడపకూడదు, మోటారు దగ్గరకో కత్తిపీట దగ్గరకో పోకూడదు, పొలం కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. ఆయన వాళ్ల బావమరిదికి ఫోన్ చేసి రప్పించుకుని, మధ్యాహ్నం చేయించుకుని వెళ్లాడు. తోడు మనిషి లేకుండా మత్తు ఇవ్వం అని మేమంటే దాన్ని పొగరు అనుకోకండి.

ఎండోస్కోపీకి అయితే మత్తు అందరికీ అక్కర్లేదు. గొంతులో లిడోకైన్ స్ప్రే కొట్టి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ముక్కుతో ఊపిరి తీసుకోమంటే చాలామంది కొద్ది నిమిషాల్లో చేయించుకుని లేచి వెళ్లిపోతారు. ఓకరింత వస్తుంది, కళ్లలో నీళ్లు వస్తాయి, నొప్పి మాత్రం పెద్దగా ఉండదు. భయం బాగా ఉన్నవాళ్లకు మత్తు మంచిదే. ఇందులో ఎవరిష్టం వాళ్లది, ఎవరి భయం వాళ్లది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి లేదు.

ఆడవాళ్ల సంగతి రాయకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది.

మా చెల్లెలికి మొదటి కాన్పు ఒక ఆసుపత్రిలో, ఊరు పేరు చెప్పను. బిడ్డ బయటికి వచ్చాక కుట్లు వేస్తుంటే అది అరిచింది. "అంత కాన్పు నొప్పి ఓర్చుకున్నదానివి, రెండు కుట్లకు ఏందమ్మా ఇది" అన్నారట. అది నోరు మూసుకుంది. బిడ్డకు ఐదేళ్లు వచ్చాయి, ఇప్పటికీ ఆ మాట చెబుతున్నప్పుడు దాని గొంతు మారుతుంది. కాన్పు నొప్పి గురించి కాదు, ఆ కుట్ల గురించి. కాన్పు నొప్పికి ఒక అర్థం ఉంది, చివర బిడ్డ ఉంది. ఆ కుట్ల నొప్పికి ఏ అర్థమూ లేదు. ఇంకొంచెం జైలోకైన్ వేసి, కొద్దిగా ఆగితే పోయేది. ఆ పని గంటల కొద్దీ పట్టేది కాదు, ఆమెను కసురుకోవడానికి పట్టినంత సేపే పడుతుంది. కింద కుట్లు వేసే ప్రతిసారీ తిమ్మిరి మందు వేయాలి. మధ్యలో తెలిస్తే మళ్లీ వేయాలి. "తెలుస్తోంది" అని చెప్పడం గారం కాదు.

కాపర్-టీ వేయించుకోవడం, గర్భసంచి నుంచి ముక్క తీయడం, పిల్లలు పుట్టడం లేదని చేసే డై పరీక్ష, వీటన్నింటికీ "కొంచెం పీరియడ్ నొప్పిలా ఉంటుంది" అని పంపిస్తారు. కొందరికి అంతే ఉంటుంది. కొందరికి కళ్లు తిరిగి పడిపోయేంత ఉంటుంది. ముఖ్యంగా కాన్పు కానివాళ్లకు, కిందటిసారి చేదు అనుభవం ఉన్నవాళ్లకు. 2024 ఆగస్టులో అమెరికాలోని సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లో, కాపర్-టీ లాంటివి వేసే ముందు నొప్పి గురించి ప్రతి ఒక్కరితో మాట్లాడాలని, లిడోకైన్ ఇంజెక్షన్ గానీ పైపూత గానీ ఉపయోగపడవచ్చని రాసింది. మన దగ్గర కూడా ఆ మందు అదే అల్మరాలో ఉంది. మా ఓటీలో గైనిక్ మేడమ్ ఒకరు, "ఆపమంటే ఆపుతాను, చెయ్యి ఎత్తు చాలు" అని చెప్పి మొదలుపెడతారు. ఆ ఒక్క మాటతోనే సగంమంది ఒళ్లు వదులుతారు. ఆపే అధికారం చేతిలో ఉందని తెలిస్తే నొప్పి కూడా తగ్గుతుంది, ఇది నేను కళ్లారా చూస్తున్నదే.

చిన్నపిల్లల దగ్గరకు వస్తాను. పసిబిడ్డలకు నొప్పి తెలియదని చాలాకాలం డాక్టర్లే నమ్మారు. 1980ల దాకా నెలలు నిండని బిడ్డలకు నామమాత్రపు మత్తుతో ఆపరేషన్లు చేసిన చోట్లు ఉన్నాయి. ఆ నమ్మకాన్ని కదిలించినవాళ్లలో ముఖ్యుడు మన దేశంలో పుట్టిన కె.జె.ఎస్. ఆనంద్. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ ఆయన బృందం 1987లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది: ఫెంటనిల్ ఇచ్చి చేసిన బిడ్డల్లో ఒంటి మీద పడే ఒత్తిడి తక్కువ, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తక్కువ అని. అంటే నొప్పి తగ్గించడం బిడ్డను ముద్దు చేయడం కాదు, బిడ్డ కోలుకోవడంలో అదొక భాగం.

టీకాల దగ్గర అమ్మలు చేయగలిగింది చాలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీని గురించే ప్రత్యేకంగా చెప్పింది: టీకా వేసేటప్పుడు బిడ్డను ఒడిలో పట్టుకుని పాలిస్తూ ఉండమని, ఎక్కువ నొప్పి పుట్టించే టీకాను చివర వేయమని. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు గట్టిగా అదిమి పట్టుకోవడం మన సెంటర్లలో అలవాటు. దానికన్నా తల్లి ఒడి చాలా మంచిది. ఏఎన్ఎం అమ్మాయిని "పాలిస్తూ వేయించుకోవచ్చా" అని అడగండి. కొంచెం పెద్ద పిల్లలతో "నొప్పే ఉండదు, చీమ కుట్టినట్టుంటుంది" అని అబద్ధం ఆడొద్దు. ఒకసారి మోసపోయిన పిల్లాడు రెండోసారి గుమ్మం దగ్గరే ఏడుపు మొదలుపెడతాడు. "చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు పోతుంది, నేను నీ పక్కనే ఉంటా" అంటే నమ్ముతాడు. రక్తం తీయడానికి తరచుగా రావాల్సిన పిల్లలకైతే లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీము ఉంది. రాసి, పైన ప్లాస్టిక్ పట్టీ అంటించి గంట ఆగాలి. ఇంటి దగ్గరే రాసుకుని బయల్దేరితే సరిపోతుంది. నెలల బిడ్డలకైతే డాక్టర్‌ని అడిగే రాయాలి.

పొగాకు క్యూరింగ్ రోజుల్లో ఒక పిల్లాడు వచ్చాడు, మా వైపు ఊరివాడే. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆడుకుంటూ కాగిన గొట్టం మీద చెయ్యి ఆనించాడు. కాలిన గాయానికి కట్టు మార్చడం ఎంత నొప్పో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎండిపోయి అతుక్కున్న గాజుగుడ్డను లాగితే, పిల్లాడికి మళ్లీ కాలినట్టే. మొదటి కట్లు మత్తు డాక్టరు గారు కెటమిన్ ఇచ్చి మార్పించారు. కెటమిన్ మత్తూ ఇస్తుంది, నొప్పీ తీస్తుంది. ఆ మత్తులో కళ్లు తెరిచే ఉంటాయి, గుడ్లు అటూ ఇటూ కదులుతాయి, అది చూసి వాళ్లమ్మ హడలిపోయింది. ముందే చెప్పి ఉంచాను కాబట్టి నిలబడగలిగింది. తర్వాత కట్లకు అరగంట, ముప్పావుగంట ముందే నొప్పి సిరప్ పట్టించి, సెలైన్‌తో గుడ్డను బాగా నానబెట్టి, ఫోన్లో కార్టూన్ పెట్టి, ఆఖరి పొర వాడి చేతే తీయించాం. వాడే తీసుకున్నాడు. వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇన్నిసార్లు మందులిస్తే వాడి తెలివి మొద్దుబారదు కదక్కా?" అని అడిగింది. మంచి ప్రశ్న అది, చాలామంది అడగలేక మనసులో పెట్టుకుంటారు. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి, లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో జాగ్రత్తగా ఉండమని అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల పిల్లల తెలివికి తేడా రాలేదని 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. మీవాడికి ఆరేళ్లు, ఇచ్చింది కొద్ది నిమిషాలు, అందుకే డాక్టరు గారు తర్వాతి కట్లకు మత్తు లేకుండా దారి చూశారు, అని చెప్పాను. ఆమె ముఖం తేలికపడింది.

ఇంటికి వెళ్లాక చేయాల్సినవి. జైలోకైన్ గంట, గంటన్నరలో దిగిపోతుంది. నొప్పి పూర్తిగా మొదలయ్యాక మాత్ర వేసుకునే బదులు, తిమ్మిరి దిగేలోపే డాక్టరు రాసిన పారాసిటమాల్ వేసుకుంటే రాత్రి నిద్రపడుతుంది. గొంతులో స్ప్రే కొట్టించుకున్నవాళ్లు తిమ్మిరి పోయేదాకా, ఇంచుమించు గంట, ఏమీ తినకూడదు. ముందు గుక్కెడు నీళ్లు తాగి, దగ్గు రాకపోతే తినాలి. పిల్లలకు పన్ను దగ్గర ఇంజెక్షన్ వేస్తే పెదవి రెండు మూడు గంటలు మొద్దుగా ఉంటుంది, తెలియకుండా నమిలి పుండు చేసుకుంటారు. పెదవికి స్పర్శ వచ్చాకే అన్నం పెట్టండి. మత్తు తీసుకుని వచ్చిన మనిషిని మొదటి కొన్ని గంటలు ఒంటరిగా గదిలో వదిలేయకండి. నిద్రపోతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అప్పుడప్పుడూ పేరు పెట్టి పిలవండి. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి గురగురమంటూ ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా ఆసుపత్రి నంబర్ కోసం కాగితాలు వెతకొద్దు. 108కి ఫోన్ చేసి, మత్తు ఇచ్చారని, ఎన్ని గంటలకు ఇచ్చారో చెప్పండి.